గోడవతలి బొగ్గు

బొగ్గును పరీక్షించే ఉద్యోగం చేశానంటే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ నవ్వుతారు. "బొగ్గుకు పరీక్షేంది? కాలితే బొగ్గు, కాలకుంటే రాయి" అని మా చిన్న మేనమామ ఎప్పుడో తీర్పు చెప్పేశాడు. నా జీవితంలో సగానికి పైగా ఆ కాలే సంగతీ కాలని సంగతీ తేల్చడానికే పోయింది కాబట్టి ఆయన మీద నాకు కోపమేం లేదు. అయినా ఏ పెళ్లిలో కనబడినా ఆయన పక్కన మాత్రం కూర్చోను.

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటుంటారు. ఓడల మీద జరిగిన గొడవలో, కోర్టు దాకా పోయిన తగాదాలో చెబుతానని వాళ్ల ఆశ. అవీ ఉన్నాయి. కానీ నాకు మరపురానిది నేను సర్టిఫికెట్ రాయని కేసు. దానికి శాంపిల్ నంబరు కూడా లేదు. లాక్‌డౌన్ నాటి సంగతి.

నేను పుట్టింది మంచిర్యాల దగ్గర బొగ్గుబాయిల ఊళ్లో. మా ఆయనకు రైల్వేలో ఉద్యోగం. ఆయన బదిలీతో సూరత్ వచ్చి ఉధ్నాలో కాపురం పెట్టాం. ఇంట్లో ఊరికే కూర్చుంటే నాకు నోరు ఊరుకోదు, అందుకని మా ఆయనే నన్ను బతిమాలి సచిన్ రోడ్డులోని ఒక చిన్న బొగ్గు ల్యాబులో చేర్పించారు. బొగ్గు నుంచి దూరంగా పోతున్నానని మా అమ్మ మురిసిపోయింది పాపం. ఇక్కడ చీరలకు రంగులద్దే ప్రతి మిల్లుకీ ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు బొగ్గు కావాలి. కొంత సముద్రం మీద హజీరా రేవు వైపు దిగుతుంది, కొంత గుజరాత్ గనుల్లోంచి లిగ్నైట్ వస్తుంది. అందులో నీరెంత, పొగై పోయేదెంత, బూడిదగా మిగిలేదెంత, ఎంత వేడినిస్తుంది అని చూసి చెప్పడమే మా పని.

పరీక్ష కంటే ముందు, బొగ్గు ఎక్కడినుంచి తీశామన్నది ముఖ్యం. కుప్ప పైన గాలికి ఆరిన బొగ్గు తీస్తే ఒక లెక్క, కడుపులోంచి తీస్తే ఇంకో లెక్క. ఈ విషయంలో మా ల్యాబులో ఒక రాక్షసుడు ఉండేవాడు. సూరత్ పక్కనున్న బార్డోలీ మనిషి, శాంపిళ్లు తీయడం అతని పని. లారీ ఎక్కాడంటే మోకాలి లోతు తవ్వితే గానీ దిగేవాడు కాదు. లారీ డ్రైవర్లు అతన్ని నాలుగు భాషల్లో తిట్టేవాళ్లు. అతను నాలుగింటిలోనూ దండం పెట్టి ఇంకో చోట తవ్వేవాడు. నన్ను "బెన్" అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. ఇన్నేళ్లలో నేను అతని మీద అరవని రోజు లేదు, నన్ను చూసి అతను నవ్వని రోజూ లేదు.

ఇక మా సర్టిఫికెట్లలో ఎవరూ రాయమని అడగని గుణం ఒకటి ఉంది. లేత బొగ్గు, ముఖ్యంగా లిగ్నైటూ ఓడల మీద వచ్చే కొన్ని రకాలూ, కుప్ప పోసి వదిలేస్తే తమంతట తామే వేడెక్కుతాయి. గాలి కొంచెం కొంచెంగా లోపలికి పోతుంది, బొగ్గు దాన్ని పీల్చుకుని వెచ్చబడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే పెరిగి పెరిగి లోపల రాజుకుంటుంది. మంట కనబడే ముందే కిరోసిన్ లాంటి వాసన వస్తుంది. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వాంతి, మత్తు, ఆ తర్వాత నిద్ర. మిల్లు నడుస్తున్నప్పుడు ఈ బాధ ఉండదు, వచ్చిన బొగ్గు వచ్చినట్టే బాయిలర్ తినేస్తుంది.

లాక్‌డౌన్‌లో బాయిలర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కుప్పలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

మా ల్యాబు కూడా మొదట మూతబడింది. తర్వాత రేవు పనుల కోసమని పాసులిచ్చారు, నేను రోజు విడిచి రోజు వెళ్లేదాన్ని. బార్డోలీ బస్సులు లేవు గనక ఆ రాక్షసుడు ల్యాబులోనే ఉండిపోయాడు. బొగ్గు ఆరబెట్టే పొయ్యి మీద ఖిచిడీ వండుకుంటున్నాడని నాకు మొదటిరోజే వాసన పట్టింది. మామూలు రోజుల్లో అయితే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆ రోజు, "నాకూ కొంచెం పెట్టు" అన్నాను. ఊరంతా బిక్కుబిక్కుమంటుంటే వండిన అన్నం వాసన వచ్చే చోటు ఇంకొకటి ఉన్నందుకే సంతోషం కలిగింది.

అలాంటి ఒక పొద్దున, నేను ల్యాబులో మాస్కు సరిచేసుకుంటూ ఉండగా ఒక ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను. బతుకమ్మ కాడ కలిసినం గదా. జగిత్యాల దిక్కోళ్లం."

గుర్తొచ్చింది. మన తెలుగు ఆడవాళ్లం ఏటా బతుకమ్మ ఆడేచోట అందరి నంబర్లూ నేనే తీసుకుంటాను, నా నంబరూ అందరికీ ఇస్తాను. ఈమె భర్త మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఉన్ అనే పేట దాటాక సచిన్ వైపు, మిల్లుల మధ్య ఒక గల్లీలో వరుసగా ఖోలీలు ఉంటాయి. ఒక్కో గదిలో ఒక్కో కాపురం. అందులో ఒకటి వీళ్లది.

"చెప్పమ్మా, అంతా బాగేనా?"

"యాడి బాగక్కా. ఆయనకు మొన్నటిసంది తలకాయ నొస్తుంది. నిన్న రెండుసార్లు కక్కిండు. పొద్దుగాల లేపితె లేస్తలేడు. కండ్లు తెరుస్తడు, మల్ల మూస్తడు. నాకు గూడ తల తిరుగుతుంది. జర భయమైతుంది."

ఆ రోజుల్లో అలాంటి మాట వినగానే అందరికీ తట్టేదే నాకూ తట్టింది. జ్వరం ఉందా అన్నాను. లేదంది. దగ్గు? లేదు. గొంతు నొప్పి? లేదు. అప్పుడే వాట్సాప్‌లో కొత్తగా ఒక సంగతి తిరుగుతోంది, ఆ జబ్బు వస్తే వాసన తెలియదని. నేను కూడా పెద్ద డాక్టర్‌లా అడిగాను: "వాసన తెలుస్తోందా నీకు?"

"వాసన ఎందుకు తెల్వదక్కా! గా కిరోసిన్ వాసనకే గదా తల పగులుతుంది. ఇంట్ల చుక్క కిరోసిన్ లేదు. యాడికెల్లి వస్తుందో తెల్వదు."

నా చేయి మాస్కు మీదే ఆగిపోయింది.

"మీ గది వెనక ఏముంది?"

"మిల్లు గోడ. గోడవతల బొగ్గు పోసిన్రు. పైన చిన్న కిటికీ ఉంటది గదా, గా కిటికీ ఎత్తుకు పోసిన్రు."

"గోడ మీద చేయి పెట్టి చూడు."

ఆమె నడిచిన చప్పుడు వినబడింది. తర్వాత, "ఉడుకుగుందక్కా" అంది.

ఏ మిల్లని అడిగాను. చెప్పింది. ఆ మిల్లు బొగ్గు నాకు తెలుసు. దేశమంతా మూతబడటానికి కొద్ది రోజుల ముందే దాని శాంపిల్ మా దగ్గరికి వచ్చింది. నీరు ఎక్కువ, పొగై పోయే భాగం ఇంకా ఎక్కువ. నీరు అంత చూపించినందుకు ఆ మిల్లు శేఠ్ మా ల్యాబు యజమాని అయిన మా శేఠ్‌తో ఫోన్‌లో గొంతు చించుకున్నాడు కూడా. చివరికి దాన్ని పాత లిగ్నైట్‌తో కలిపి వాడుకుంటానని ఒప్పుకున్నాడు. ఎండిన పాత లిగ్నైట్ మీద తడి బొగ్గు. లోపల గాలి నిలవకుండా బండితో తొక్కించాలి, అదీ చేయకుండా గోడకు ఆనించి పోసేసి ఉంటారు. ఆ తర్వాత తాళం.

"తలుపు తీసి ఆయన్ను బయటికి తీసుకురా. నువ్వూ రా. పక్కవాళ్లకూ చెప్పు" అన్నాను.

"అమ్మో, బయటికా? పోలీసోళ్లు తొడలు వాయగొడుతున్నరు. పక్కోళ్లకు చెప్తె ఇంకేమన్న ఉందా! కరోనా అని బండి పిలుస్తరు. ఎక్కిచ్చుకొని పోతె మల్ల మొఖం గూడ చూడనియ్యరట. నీకొక్కదానికే చెప్పిన. నువ్వెవ్వరికి చెప్పకు."

"అది కరోనా కాదే తల్లీ, బొగ్గు గ్యాసు!"

నమ్మలేదు. నేను ఎంత గట్టిగా అరిస్తే ఆమె అంత మెల్లగా మాట్లాడింది. పక్క గది వాళ్లకు వినబడుతుందని. కనీసం తలుపైనా బార్లా తీసి పెట్టు, నేను వస్తున్నా అని ఫోన్ పెట్టేశాను.

బార్డోలీ మనిషికి రెండు ముక్కల్లో చెప్పాను. అతను ఖిచిడీ గిన్నె దించి ఇనుప చువ్వ ఒకటి పట్టుకుని మోటారుసైకిల్ తీశాడు. వెనక కూర్చుని 108కి ఫోన్ చేశాను. తర్వాత మా శేఠ్‌కు చేశాను. ఆయన జాగ్రత్త మనిషి. "బెన్, ఆ మిల్లు మన పాత ఖాతాదారు. తాళం వేసిన మిల్లులోకి మనం దూరితే బాగుంటుందా?" అన్నాడు. "బాగుండదు. అందుకే మీరు ఆయనకు ఫోన్ చేసి మాకు తాళం తీయించండి" అన్నాను. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, "చేస్తాను" అన్నాడు. ఇన్నేళ్ల కొలువులో ఆయన నిట్టూర్పులు చాలా విన్నాను, ఇంత ముద్దొచ్చింది మాత్రం ఇంకొకటి లేదు.

గల్లీలోకి వెళ్లేసరికి వరుసలో ఒక్క తలుపే తెరిచి ఉంది. మిగిలినవన్నీ మూసి ఉన్నాయి. కొన్నింటి సందుల్లో గుడ్డలు కూడా కుక్కారు, జబ్బు లోపలికి రాకుండా. వెనక కిటికీలు మాత్రం ఉక్కపోత వల్ల తెరిచి ఉంచుకున్నారు. అంటే బొగ్గు వైపు తెరిచి, గాలి వైపు మూసి పెట్టుకున్నారన్నమాట.

"అందరూ బయటికి రండి! తలనొప్పి ఎవరెవరికి ఉంది?" అని తెలుగులోనూ హిందీలోనూ అరిచాను. ఒక్కరూ కదల్లేదు. ఒక తలుపు వెనకనుంచి, "మాకేం నొప్పి లేదు, మంచిగున్నం" అని ఒక మగ గొంతు. ఇంకో గదిలోంచి, "మాకు గూడ ఏం లేదు." తర్వాత తెలిసింది, ఆ వరుసలో తల నొయ్యని ఇల్లే లేదు. ఎవరికి వాళ్లు తమకే వచ్చిందనుకున్నారు. పక్కవాళ్లకు తెలిస్తే పట్టిస్తారని, దగ్గు వస్తే దిండులో దగ్గుతూ, వాంతి చేసుకుంటే నీళ్ల చప్పుడు చేస్తూ, మాత్రలు మింగి పడుకున్నారు. మన సాటి మనిషి కూడా అదే బాధలో ఉన్నాడని తెలిసుంటే అందరూ కలిసి ఆ గోడ వైపు చూసేవాళ్లే కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను, బార్డోలీ మనిషి చూశాడు చూశాడు, ఎవరి వాకిట్లోనో ఉన్న స్టీలు పళ్లెం ఎత్తి చేతిలోని చువ్వతో దబదబా కొట్టాడు.

"రాశన్ ఆయా హై! రాశన్ లే లో!"

వరుస మొత్తం తలుపులు తెరుచుకున్నాయి. సంచులు పట్టుకుని ఆడవాళ్లు, మగవాళ్లు, వాళ్ల కొంగులు పట్టుకుని పిల్లలు. కొందరు తూలుతూ వచ్చారు. ఒకామె గడప దాటగానే గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. నేను నా సహోద్యోగి వైపు గుర్రుగా చూశాను. "బెన్, ముందు రానివ్వు. తర్వాత తిట్టించుకుందాం" అన్నాడు. అందరినీ గల్లీ చివర, గాలి వచ్చే రోడ్డు మీదికి నడిపించాం. రేషన్ ఏది అని అడగడానికి కూడా చాలామందికి ఓపిక లేదు.

ఫోన్ చేసిన అమ్మాయి భర్త మాత్రం బయటికి రాలేదు. లోపల చాప మీద పడి ఉన్నాడు. ముఖం చెమటలు పట్టి ఉంది, పిలిస్తే మూలుగు తప్ప జవాబు లేదు. ఆ గదిలో కిరోసిన్ వాసన నాకు గొంతులో తగిలింది. సాయం పట్టమని బయట ఉన్నవాళ్లను పిలిచాను. ఎవరూ ముందుకు రాలేదు. నేను వాళ్లను తప్పుపట్టను, ఆ రోజుల్లో ఒక మనిషిని ముట్టుకోవడమంటే ఏమిటో గుర్తున్నవాళ్లెవరూ తప్పుపట్టరు. బార్డోలీ మనిషి గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. అతనికీ ఇంట్లో పెళ్లాం పిల్లలున్నారు. మాస్కు మీద ఇంకో రుమాలు బిగించి కట్టుకుని లోపలికి వచ్చాడు. గ్యాసుకు రుమాలేం అడ్డమని నేను అనలేదు. ఆ అమ్మాయితో కలిసి ముగ్గురం ఆమె భర్తను దుప్పటి మీదికి చేర్చి ఈడ్చుకుంటూ రోడ్డు దాకా తెచ్చాం. ఆ అమ్మాయి తన కొంగుతో విసురుతూ, "ఏమయ్యో, ఏమయ్యో" అని పిలుస్తూనే ఉంది.

108 వచ్చింది. పైనుంచి కిందిదాకా తెల్లటి సూట్లు తొడుక్కున్న ఇద్దరు దిగారు. వాళ్లను చూడగానే జనం చెల్లాచెదురయ్యారు. ఆ అమ్మాయి నా చేయి పట్టుకుంది, గోళ్లు దిగాయి. నేను వాళ్లకు అడ్డంగా నిలబడి నాకొచ్చిన గుజరాతీ అంతా ఒకే మాటలో పెట్టాను. "కోలసానో గేస్! కోలసానో గేస్!" బొగ్గు గ్యాసు బాబూ, కరోనా వార్డులో పడేయకండి, ముందు ఆక్సిజన్ పెట్టండి అని. అందులో ఒకతను నుదుటి దగ్గర జ్వరం చూసే తుపాకీ పెట్టాడు. జ్వరం లేదు. గోడ వైపు, ఆ పైన సన్నగా లేస్తున్న ఆవిరి వైపు చూశాడు. "సమఝ్ గయా ఆంటీ" అని అక్కడే రోడ్డు మీద ఆక్సిజన్ పెట్టాడు. ఆ సూటు లోపల అతని ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఈ జన్మలో చూడను కూడా. అతను ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

"ఆసుపత్రి వాళ్లకు గ్యాసని నేనే చెబుతాను, భార్యను కూడా ఎక్కించుకుంటాను" అన్నాడు. బండి వెళ్లిపోయింది.

ఇక మిల్లు. గేటు దగ్గర బాయిలర్ మనిషి ఎదురుచూస్తున్నాడు, యూపీ ఆయన. అందరూ ఊళ్లకు పోతే కాపలాకు ఒంటరిగా ఉండిపోయాడు. మా శేఠ్ మాట్లాడినట్టున్నాడు, తాళం తీసే ఉంది. యార్డులోకి పోగానే నాకు విషయం అర్థమైంది. కుప్ప నిండా నీళ్లు, పక్కన రబ్బరు గొట్టం.

"పొగ వస్తోందని రోజూ పొద్దున్నే నీళ్లు కొడుతున్నా మేడమ్. కొట్టినప్పుడు తగ్గుతుంది. మళ్లీ వస్తుంది" అన్నాడు హిందీలో. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, అతనికీ తలనొప్పే. పై పొర తడిసి ఊరుకుంటుంది, లోపలి వేడికి ఆ నీళ్లు అందవు. పైగా ఎండినదాని మీద నీళ్లు పడ్డకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. బాయిలర్‌లో నిప్పును జీవితమంతా కాచిన మనిషికి, చల్లారిన కుప్పలో నిప్పు పుట్టడం కొత్త. ఎవరికి ఫోన్ చేయాలో తెలియక, ఉన్నదాన్ని కాపాడదామని ఒక్కడే గొట్టం పట్టుకున్నాడు. నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. ల్యాబులో ఈ సంగతి చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

బార్డోలీ మనిషి గాలికి ఎదురు వైపు నిలబడి, గోడకు ఆనుకున్న చోట చువ్వ గుచ్చాడు. కాసేపుంచి లాగాడు. పట్టుకోబోయి చటుక్కున వదిలేశాడు. ఇంకో చోట గుచ్చాడు. అక్కడా అంతే. నిప్పు సరిగ్గా ఆ ఖోలీల వెనకే ఉంది.

మిల్లు శేఠ్ ఫోన్‌లోకి వచ్చాడు. లాక్‌డౌన్ సడలాక మనుషుల్ని పిలిపించి తీయిస్తానన్నాడు. నేను మా శేఠ్‌ను కూడా కలిపాను. ఇద్దరూ గుజరాతీలో మాట్లాడుకున్నారు. మా శేఠ్ గొంతు పెంచగా నేను విన్నది అదే మొదటిసారి. నాకు అర్థమైనంతలో ఆయన అన్నది ఇది: "నీ బొగ్గు సంగతి నీ ఇష్టం. గోడవతల పిల్లలున్నారు." తర్వాత మిల్లు శేఠ్ వేరే మనిషిలా మాట్లాడాడు. బొగ్గు ఎత్తిపోసే లోడర్ బండి తాళంచెవి ఎక్కడుందో చెప్పాడు. ఆ వరుస వాళ్లందరినీ మిల్లులో బట్ట మడతపెట్టే హాలులో ఉంచమన్నాడు. అక్కడ ఫ్యాన్లున్నాయి, నీళ్లున్నాయి అన్నాడు. నాలుగు తిట్లు సిద్ధం చేసుకుని ఉన్న నాకు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోడర్‌ను బాయిలర్ మనిషే నడిపాడు. గోడ దగ్గరనుంచి బొగ్గును వెనక్కి లాగి, పలచగా పరిచి, దాని మీదే బండి తిప్పి తొక్కించమన్నాను. మూడో తొట్టె లాగేసరికి లోపలి బొగ్గు ఎర్రగా కనబడింది. ఎండలో ఆ ఎరుపు అంత స్పష్టంగా కనబడుతుందని నేను అనుకోలేదు. బయట నిలబడి చూస్తున్న ఖోలీల వాళ్లు కూడా చూశారు. అంతవరకూ నన్ను పిచ్చిదాన్నన్నట్టు చూసిన పెద్దాయన ఒకడు, "మా గోడెన్కనా!" అని మాత్రం అనగలిగాడు. ఎర్రటి ముద్దలను విడిగా లాగి మట్టి కప్పాం. కాసేపటికొకసారి లోడర్ ఆపించి బాయిలర్ మనిషిని గాలిలోకి రప్పించాను. "ఇంకొంచెమే మేడమ్" అంటూ మళ్లీ ఎక్కేవాడు. సాయంత్రానికి గోడ ఖాళీ అయింది.

అప్పుడు అందరికీ రేషన్ గుర్తొచ్చింది. "సాబ్, రాశన్?" అని బార్డోలీ మనిషిని చుట్టుముట్టారు. అతను నన్ను చూశాడు, నేను ఆకాశాన్ని చూశాను. చివరికి మా శేఠ్‌కే ఫోన్ చేశాను. "మీ పేరు మీద రేషన్ ఇస్తామని చెప్పాం" అన్నాను. "నా పేరు మీదా? నన్నడక్కుండానే?" అన్నాడు. ఆ తర్వాత నిట్టూర్పు. చీకటి పడకముందే ఆయన స్వయంగా కారు నడుపుకుంటూ వచ్చాడు. డిక్కీలో గోధుమపిండి, పప్పు, బంగాళాదుంపలు, మన వాళ్ల కోసం ప్రత్యేకంగా బియ్యం. ఆ లాక్‌డౌన్ ముగిసేదాకా ఆ గల్లీకి పంపిస్తూనే ఉన్నాడు. ఒక అబద్ధాన్ని అంత శ్రద్ధగా నిజం చేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ అమ్మాయి భర్త రెండు మూడు రోజుల్లో తిరిగొచ్చాడు. కొన్నాళ్లు నడుస్తుంటే తూలేవాడు, మాట తడుముకునేవాడు, తర్వాత సర్దుకున్నాడు. మిగిలినవాళ్లు ఒక్క పూట గాలికే కోలుకున్నారు.

నేను మాత్రం కోలుకోలేదు. గర్వంతో. మా ఆయనతో చెప్పాను, బంధువులతో చెప్పాను, మేనమామకు ప్రత్యేకంగా ఫోన్ చేసి మరీ చెప్పాను: చూశావా, కష్టం వస్తే ఆ పిల్లకు డాక్టర్ గుర్తురాలేదు, పోలీసు గుర్తురాలేదు, బొగ్గు తెలిసిన నేను గుర్తొచ్చాను. అదీ నా చదువంటే, అదీ నా కొలువంటే. ఆయన పాపం, "ఔ బిడ్డా, ఔ" అన్నాడు.

తర్వాత పాసులు దొరికి, మన తెలుగువాళ్లు కొందరు కలిసి ఊళ్లకు బస్సు మాట్లాడుకున్నారు. ఆ దంపతులూ ఎక్కారు. బస్సు కదిలే ముందు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నేను ఆశీర్వదించి, కొంచెం గొప్పగానే అన్నాను: "సమయానికి బొగ్గు పనిచేసే నాకు ఫోన్ చేయాలని నీకు తట్టింది చూడు, అదీ తెలివంటే."

"నువ్వు బొగ్గు పనిజేస్తవని నాకేమెరుక అక్కా? రైల్వే ఆఫీసులనో యాడనో చేస్తవనుకున్న."

"మరి నాకెందుకు చేశావు?"

మామూలుగా, ఏదో సరుకుల మాట చెప్పినట్టు చెప్పింది.

"ఇద్దరం పోతమేమో అనుకున్న ఆ పొద్దు. మాకేమన్న అయితే ఊర్లె మా అత్తకు చెప్పేటోళ్లు ఒక్కరన్న ఉండాలె గదా. మనోళ్లల్ల నీ నంబరే ఉండె. అందుకే చేసిన. నువ్వే వాసన అడిగినవ్."

ఊరు చేరాక ఫోన్ చెయ్యమన్నాను.

పిల్లలూ, నేను అడిగిన ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. వాట్సాప్‌లో చూసి, తెలిసీ తెలియక అడిగాను. నా చదువు పనికొచ్చింది నిజమే. కానీ ఆ చదువు దాకా ఆ అమ్మాయి మాట చేరడానికి ఎంత సన్నని దారి దొరికిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. ఆ దారిలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ, పళ్లెం కొట్టినవాడికీ, నిట్టూర్చినవాడికీ, గొంతు మార్చుకున్నవాడికీ, గొట్టం వదిలి లోడర్ ఎక్కినవాడికీ నేను రుణపడి ఉన్నాను.

ఊరు చేరాక ఆ అమ్మాయి నిజంగానే ఫోన్ చేసింది. "మా అత్త మాట్లాడుతదట" అని ఫోన్ చేతికిచ్చింది. నేను కబురు చెప్పాల్సి ఉండిన మనిషి. ముసలి గొంతు, కొంచెం చెవుడు కూడా ఉన్నట్టుంది, గట్టిగా అరుస్తూ మాట్లాడింది. జరిగిందంతా ఆమెకు చెప్పలేదనుకుంటాను, ఎవరో తెలుగామె కొడుక్కీ కోడలికీ తోడున్నదని మాత్రం తెలుసు.

"బిడ్డా, అన్నం తిన్నవా?" అని అడిగింది.

తిన్నానమ్మా, అన్నాను.